ఏడాది జీతమా, ఆటకు కూలీనా?

పోయిన సంక్రాంతికి కావలి దగ్గర ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు. నీళ్లు చల్లి రోలరు తొక్కించిన మట్టి కోర్టు, నాలుగు మూలలా లైట్లు. నేను మూడేళ్లు ఆట నేర్పిన కుర్రాడు పక్కూరి జట్టు తరఫున కూతకెళ్లాడు. బోనస్ గీత మీద కాలు పెట్టాడో లేదో, ఇద్దరు చీలమండ పట్టేశారు. ఒళ్లు ఒక పక్కకి తిరిగింది, మోకాలు అక్కడే ఉండిపోయింది. "సార్, లోపల టప్పుమంది" అన్నాడు. ఆ రాత్రికి మాట్లాడుకున్న రెండు వేలూ వాడి చేతిలో పెట్టి, తర్వాతి ఆటకి ఇంకొకణ్ణి దించారు. నెల్లూరులో ఎంఆర్ఐ తీయిస్తే లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను, తొమ్మిది నెలలు ఆట బంద్. ఆ తొమ్మిది నెలలకి పూచీ ఎవరూ లేరు.

ఆడినా ఆడకపోయినా డబ్బిచ్చే గ్యారంటీ కాంట్రాక్టు న్యాయమా, ఆడిన ఆటకే లెక్కకట్టడం న్యాయమా అన్న మాట అప్పట్నుంచి నా మనసులో తిరుగుతోంది.

మన సేద్యంలో ఈ రెండూ ఉన్నవే. ఉగాదికి కుదిరిన జీతగాడికి ఏడాది గింజలు కొలవాలి, నాట్లకొచ్చిన కూలికి ఆ పూట డబ్బులిస్తే సరి. జీతగాడు జ్వరంతో పడుకుంటే నాగాలు పట్టుకునే రైతులుండేవాళ్లు, పట్టుకోకుండా కషాయం పంపించే రైతులూ ఉండేవాళ్లు. గ్యారంటీ అంటే ఆ నాగా ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్నే.

అమెరికాలో బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఆటగాళ్ల ఒప్పందాలు చాలావరకు పూర్తి గ్యారంటీతో ఉంటాయి. జట్టు వదిలేసినా డబ్బు వస్తుంది. ఒళ్లు ఎక్కువగా దెబ్బతినేది వాళ్ల ఫుట్‌బాల్‌లో. చిత్రంగా అక్కడే గ్యారంటీ తక్కువ. ఎన్ఎఫ్ఎల్ అనే ఆ ఫుట్‌బాల్ లీగ్ ఒప్పందాల్లో గ్యారంటీని విడగొట్టి రాస్తారు: గాయమైతే ఒకటి, ఆట తగ్గిందని తీసేస్తే ఒకటి, జీతాల పరిమితి సర్దుకోవడానికి తీసేస్తే ఇంకొకటి. ఈ విడగొట్టడం నాకు నచ్చింది. దెబ్బ తగలడం, ఆట తగ్గడం ఒకటి కావు.

పూర్తి గ్యారంటీకి ఇంకో ముఖం కూడా ఉంది. 2022లో అదే లీగ్‌లోని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు డెషాన్ వాట్సన్ అనే ఆటగాడికి 5 ఏళ్లకి 23 కోట్ల డాలర్లు మొత్తం గ్యారంటీగా రాసిచ్చింది. మొదటి సీజన్‌లో 11 ఆటలు నిషేధం, 2023లో భుజానికి గాయం, 2024లో మడమ నరానికి. జట్టు మొత్తం జీతాలకి పరిమితి ఉన్నచోట ఒకడికి కట్టిన డబ్బు మిగతావాళ్ల వాటాలోంచే పోతుంది. మైదానంలో చెమటోడ్చే చిన్న ఆటగాడికి ఇది అన్యాయమే. ఇక్కడ మాత్రం పూర్తి గ్యారంటీ వద్దనే జట్ల యజమానుల మాట నేను ఒప్పుకుంటాను.

మన కబడ్డీలో పవన్ సెహ్రావత్ సంగతి చూడండి. 2022 ప్రో కబడ్డీ లీగ్ వేలంలో తమిళ్ తలైవాస్ జట్టు 2.26 కోట్లు పెట్టి కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా కూర్చున్నాడు. అయినా 2023 వేలంలో తెలుగు టైటాన్స్ 2.60 కోట్లకి పైగా పెట్టి తీసుకుంది. పేరున్నవాడి కోసం వేలం ఆగి ఎదురుచూస్తుంది. మా కుర్రాడి కోసం ఎవరు చూస్తారు?

క్రికెట్ బోర్డు పద్ధతి నా దృష్టిలో న్యాయానికి దగ్గరగా ఉంది. 2023-24లో ఏ ప్లస్ గ్రేడుకి ఏడాదికి 7 కోట్లు, సీ గ్రేడుకి కోటి. ఆడితే టెస్టుకి 15 లక్షలు వేరే. ఒప్పందం ఏడాదికే. ఆ ఏడే శ్రేయస్ అయ్యర్, ఇషాన్ కిషన్‌లకి జాబితాలో చోటు దక్కలేదు, తర్వాతి ఏడు మళ్లీ దక్కింది. జీతం ధీమా ఇస్తుంది, మ్యాచ్ ఫీజు ఆకలి ఉంచుతుంది. కానీ రంజీ ఆటగాడికి బోర్డు నుంచి ఏడాది జీతం లేదు. అనుభవాన్నిబట్టి రోజుకి 40 నుంచి 60 వేలు, అదీ తుది జట్టులో ఉంటేనే. కరోనా వల్ల 2020-21లో రంజీ జరక్కపోతే, సగం మ్యాచ్ ఫీజు పరిహారం కింద ఇచ్చారు. ధీమా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందడం లేదు.

అందుకే నా ఓటు రెంటినీ కలిపిన దానికి. గాయానికి పూర్తి పూచీ, అది ఊరి ఆటైనా సరే. ఆట తగ్గినందుకు ఏడాదికి మించి పూచీ వద్దు.

మా కుర్రాడిప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని కాలికి రబ్బరు బ్యాండు తగిలించి లాగుతున్నాడు. వాళ్లమ్మ మొన్న అడిగింది: "అయ్యా, మళ్లీ ఆడనిస్తారా వీణ్ణి?" ఆడతాడమ్మా అన్నాను. పోటీల కమిటీవాళ్లు ఈసారి అంపైరుగా రమ్మని కబురు పెట్టారు. ఆడేవాళ్లందరికీ ప్రమాద బీమా కట్టి, రసీదు చూపిస్తే విజిల్ పట్టుకుంటానని చెప్పాను. ఎంతవుద్ది మాస్టారూ అన్నారు. ఆటగాళ్ల పేర్లు, వయసులు రాసిమ్మన్నాను.