దిండిలో టక్‌టక్, నరసాపురంలో "అండీ"

శనివారం తెల్లారి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లు దిగాం. క్షీరారామంలో దర్శనం చేసుకుని, టిఫిను తిని, చించినాడ వంతెన దాటి దిండి చేరేసరికి పదకొండు. ఒడ్డునే రిసార్టు. కర్టెన్ జరిపితే కొబ్బరిచెట్ల సందుల్లోంచి వశిష్ఠ గోదారి. రెండు రోజులు కాలు బయట పెట్టక్కర్లేదు అంది మా ఆవిడ.

భోంచేసి నడుం వాల్చామో లేదో, టక్‌టక్. వాటర్ బాటిళ్లు. పావుగంటకి తువ్వాళ్లు. ఆ తర్వాత ఏసీ బాగానే ఉందా అని ఒకరు, టీ తెమ్మంటారా అని ఇంకొకరు. గదిలో ఫోనుంది కదా బాబూ, కావాలంటే మేమే అడగమా! ఐదోసారి మాత్రం తట్టడం, కార్డు పెట్టి తలుపు తీయడం రెండూ ఒక్కసారే అయిపోయాయి. మా ఆవిడ అప్పుడే తలస్నానం చేసి వచ్చి జుట్టు తుడుచుకుంటోంది. కుర్రాడు "అయ్యో, ఎవరూ లేరనుకున్నానండీ" అని గుమ్మంలోంచే పరుగు.

లోపల గడియ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. గడియ లేదు. గొలుసు ఉంది గానీ దాని కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. మరి "డిస్టర్బ్ చేయవద్దు" అట్ట తగిలించానే అని బయటికెళ్లి చూస్తే, గాలికి తిరగబడి "గది శుభ్రం చేయండి" అని చూపిస్తోంది. సగం తప్పు గోదారి గాలిదే అనుకోండి. కానీ తట్టాక లోపల్నుంచి పలికేదాకా ఆగాలని గాలి చెప్పక్కర్లేదుగా.

మేనేజరు మర్యాదస్తుడు. "సర్వీసు తక్కువైందనిపించుకోకూడదని పంపిస్తామండీ, ఆయ్" అన్నాడు. పొద్దున తొమ్మిదికి టీ, పదకొండుకి గది తుడవడం, మధ్యలో ఎవరూ రావద్దు అని చెప్పాను. అంతే, మళ్లీ ఒక్కరూ రాలేదు. రాత్రి మాత్రం తలుపుకి కుర్చీ అడ్డం పెట్టే పడుకున్నాం.

మర్నాడు అంతర్వేది. స్వామి దర్శనం, అన్నాచెల్లెళ్ల గట్టు చూసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వచ్చేశాం. అక్కడ పాత లాడ్జి. అద్దె రిసార్టులో మూడో వంతు, బాత్రూంలో కుళాయి కారుతూనే ఉంది. గొళ్లెం మాత్రం మణికట్టంత లావు. గదుల పెద్దాయన వరండాలోంచే "అండీ, కాఫీ తెమ్మంటారా" అని పిలిచి, మేం పలికేదాకా అక్కడే నిలబడ్డాడు.

పొగిడేద్దామనుకుంటుండగా కౌంటరు దగ్గర రిజిస్టరు కనిపించింది. దిండిలో ఆధార్ చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇస్తే మారు మాట్లాడకుండా తీసుకున్నారు. ఇక్కడ అది చెల్లదన్నారు, పూర్తి జిరాక్సే కావాలట. పైగా రిజిస్టరు బార్లా తెరిచి ఉంటుంది, వచ్చేపోయేవాళ్లందరికీ పేర్లూ ఫోన్ నంబర్లూ కనిపిస్తూ. మా పై వరుసలో ఎవరో భీమవరం నుంచి. "వచ్చిన పని" అన్నచోట పెళ్లిచూపులు అని రాశారు. సంబంధం కుదిరిందో లేదో.