వి-క్రాస్ ఉంచాలా, అమ్మాలా? పాపతో అరకు, పాడేరు, లంబసింగి

పాప పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ, మా పికప్ ట్రక్కు ఇసుజు వి-క్రాస్ ఉంచుకోవాలా అమ్మేయాలా అని. 2017లో కొన్నాం, మన తడ పక్కన శ్రీసిటీలో తయారైన బండి. మారేడుమిల్లి, కోరాపుట్, దేవమాలి కొండ, మహేంద్రగిరి, ఎక్కడికెళ్లినా ఇదే. పెళ్లి చూపుల తర్వాత మా ఆవిడతో మొదటిసారి భీమిలి వెళ్లింది కూడా దీన్లోనే. కాబట్టి లెక్కలు వేసి తేల్చే విషయం కాదు నాకు. ఇంట్లో కూర్చుని ఎంత మాట్లాడినా తేలదని, పది నెలల పాపను తీసుకుని మాకు బాగా తెలిసిన దారిలోనే ఒకసారి తిరిగొద్దామనుకున్నాం. విశాఖ నుంచి అరకు, అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం మీదుగా వెనక్కి. మా బావమరిది తన ఇన్నోవా క్రిస్టాలో అత్తయ్యగారిని తీసుకుని వచ్చాడు. దానివల్ల అనుకోకుండా ఒక మేలు జరిగింది. ఒకే రోడ్డు మీద, ఒకే పాపను, ఒకే పిల్లల సీటుతో రెండు బండ్లలోనూ కూర్చోబెట్టి చూడగలిగాం.

ముందు ఆ సీటు సంగతి చెప్తాను, ఎందుకంటే మొత్తం నిర్ణయం దాని చుట్టూనే తిరిగింది. పసివాళ్లకి తల బరువు ఎక్కువ, మెడలో బలం తక్కువ. అందుకే మొహం వెనక్కి ఉండేలా పెట్టే సీటే వాడాలి. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న చోట, ఆ సీటు పెట్టనే కూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలదా అని మన వైపు పెద్దవాళ్లందరూ అడుగుతారు, మా అత్తయ్యగారూ అడిగారు. గట్టిగా బ్రేక్ పడితే ఎంత బలమున్న చేతులైనా ఆపలేవు. చట్టం కూడా 2019 సవరణ తర్వాత మారింది, 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకపోతే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి, ఈ విషయంలో మాత్రం ఎవరు ఏమన్నా వినకండి.

మేము కొన్నది సీటు బెల్టుతో బిగించే రకం. పికప్‌లో వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, దాని వెనక వెంటనే సామాను వేసే తొట్టి గోడ. పాప సీటు కాస్త పడుకోబెట్టినట్టు వాలాలి కదా, అలా పెడితే అది ముందు సీటుని తాకుతుంది. ముందు సీటు జరిపితే మా ఆవిడ మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి. చివరికి ఆమె వెనకే పాప పక్కన కూర్చుంది, ముందు సీటు ఖాళీ. డైపర్ల బ్యాగు, పాల ఫ్లాస్కు, దుప్పట్లు ఆవిడ కాళ్ల దగ్గర. ఇదే సీటు ఇన్నోవాలో మధ్య వరసలో చక్కగా కూర్చుంది, పక్కన మనిషి కాళ్లు చాపుకునేంత చోటు మిగిలింది.

పొద్దున్నే బయల్దేరి ఎస్.కోటలో (శృంగవరపుకోట) టిఫిన్ చేశాం. అక్కడిదాకా రోడ్డు బాగుంది, పాప నిద్రపోయింది. ఘాటీ మొదలయ్యాక, టైడా దాటాక, అసలు తేడా తెలిసింది. వి-క్రాస్ వెనక భాగం కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద నడుస్తుంది. అవి బరువు మోయడానికి పెట్టినవి, ఖాళీగా వెళ్తే చిన్న గతుకుకి కూడా వెనక భాగం ఎగిరి పడుతుంది. డ్రైవర్ సీట్లో ఇన్నేళ్లుగా నాకది పెద్దగా తెలియలేదు, వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. అరకు దారి 516ఈ జాతీయ రహదారిలో భాగం, మేము వెళ్లినప్పుడు అక్కడక్కడా పని జరుగుతోంది, కంకర పరిచిన ముక్కలు చాలా ఉన్నాయి. ఆ ముక్కల్లో పాప ప్రతిసారీ లేచి ఏడ్చింది. టైర్లలో గాలి కొంచెం తగ్గించి చూశాను, కొంత నయం, అంతే.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగినప్పుడు మాత్రం నా బండి మీద నాకు మళ్లీ ప్రేమ పొంగింది. తొట్టి వెనక తలుపు దించి దాని మీద చాప పరిచి, పాపకి డైపర్ మార్చి, అక్కడే కూర్చోబెట్టి ఉగ్గు తినిపించాం. నడుం ఎత్తులో వెడల్పాటి బల్ల, ఎదురుగా లోయ, దుమ్ములో వంగే పని లేదు. ఇన్నోవా వెనక డిక్కీలో అదే పని చేయాలంటే సామానంతా దించాలి. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, "ఇదొక్కటి మాత్రం ఏ కారులోనూ దొరకదండీ" అంది.

బొర్రా గుహల గురించి పిల్లలున్నవాళ్లకి ఒక్కమాట. స్ట్రోలర్‌ని (పాపను కూర్చోబెట్టి తోసేది) కారులోనే వదిలేయండి, లోపల మెట్లే మెట్లు, తడి, పైనుంచి నీటి చుక్కలు. పాపను ఛాతీకి కట్టుకునే క్యారియర్ ఉంటేనే వెళ్లండి. ఉదయం 10కి తెరుస్తారు, ఆ టైముకే వెళ్తే జనం తక్కువ, ఆదివారం అయితే అసలు వద్దు. రంగు లైట్లు చూసి మా పాప నోరు తెరుచుకుని ఉండిపోయింది. గబ్బిలాల వాసన మా అత్తయ్యగారికి పడలేదు, సగం నుంచి వెనక్కి వచ్చేశారు. ఆ రోజు దారిలో ఒక పార్కింగ్‌లో మా బండికి చోటు దొరకడానికే చాలా సేపు పట్టింది. దాదాపు 5.3 మీటర్ల పొడవు, ఎక్కడ పెట్టినా మూతి బయటికొస్తుంది. పాప ఆకలికి ఏడుస్తుంటే ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండడం ఎంత టెన్షనో అనుభవిస్తేనే తెలుస్తుంది. నేను ఒక్కడినే ఉన్న రోజుల్లో అర కిలోమీటరు దూరంలో పెట్టి నడిచొచ్చేవాణ్ణి.

అరకులో మొదటి రాత్రి ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఫొటోల్లో బాగుంది. వేడినీళ్లు పొద్దున గంటసేపే, క్యాంప్‌ఫైర్ దగ్గర పాటలు అర్ధరాత్రి దాకా. కింద చెప్తే తగ్గిస్తామన్నారు, తగ్గించలేదు. మర్నాడు టూరిజం వాళ్ల హరిత రిసార్టుకి మారిపోయాం. గది సాదాగా ఉంది, గోడల రంగు పాతది, కానీ గీజర్ పనిచేస్తుంది, తొమ్మిదిన్నర కల్లా అంతా నిశ్శబ్దం, వంటింట్లో అడిగితే పాప కోసం ఉప్పూకారం లేకుండా మెత్తగా పప్పన్నం చేసిచ్చారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి అందమైన గది కన్నా అడిగినప్పుడు వేడినీళ్లిచ్చే వంటిల్లు ముఖ్యం, బుక్ చేసే ముందు ఫోన్ చేసి అదే అడగండి. టెంట్ల జోలికి పోకండి, చలికాలం రాత్రి తెల్లారేసరికి లోపల గుడ్డలన్నీ చెమ్మగా అవుతాయి.

పద్మాపురం ఉద్యానవనం పాపతో హాయిగా తిరగొచ్చు, స్ట్రోలర్ కూడా నడుస్తుంది. గిరిజన మ్యూజియం కూడా అంతే. చాపరాయి దగ్గర మాత్రం ఒడ్డునే ఉండండి, ఆ బండ చూడ్డానికి నున్నగా అందంగా ఉంటుంది గానీ పాకుడు పట్టి జారుతుంది, చేతిలో పిల్లతో దిగే చోటు కాదు. బొంగులో చికెన్ అక్కడే తిన్నాం, బాగుంది. కాఫీ ఎక్కడ తాగినా పర్వాలేదు, గింజలు మాత్రం పొడి కొట్టించకుండా కొనుక్కోండి.

అరకు నుంచి పాడేరుకి పాపను ఇన్నోవాలోకి మార్చాం. నేను వెనకాల వి-క్రాస్‌లో ఒక్కడినే. పాడేరులో దిగి చూస్తే పాప గాఢ నిద్రలో ఉంది. "బావా, దారిలో ఒక్కసారి కూడా లేవలేదు" అన్నాడు మా బావమరిది. ఇన్నోవా వెనక చుట్టల స్ప్రింగులు ఉంటాయి, గతుకు తగిలినా ఊగి ఊరుకుంటుంది. పైగా బండి ఎక్కడం దిగడం కూడా సులువు. వి-క్రాస్ ఎక్కాలంటే ఫుట్‌బోర్డు మీద కాలేసి, పైన పిడి పట్టుకుని లాక్కోవాలి. ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో పిడి. మా ఆవిడకి సిజేరియన్ అయింది, ఇప్పటికీ నడుం నొప్పి అంటుంది. రోజుకి పదిసార్లు అలా ఎక్కి దిగమని నేను అడగలేను. ఆమె ఏనాడూ దీని గురించి నాతో అనలేదు, ఆ రెండు బండ్లూ పక్కపక్కన ఆగినప్పుడు ఆవిడ మొహం చూస్తేనే నాకు అర్థమైంది.

పాడేరులో ఇంకో విషయం కూడా తేలింది. మర్నాడు తెల్లవారుజామున నేనూ బావమరిదీ వంజంగి కొండకి వెళ్లాం, ఆడవాళ్లూ పాపా గదిలో పడుకున్నారు. పైకి వెళ్లే మట్టి దారిలో రాళ్లు, వాన కోసిన చాళ్లు, ఫోర్ వీల్ డ్రైవ్ వేయగానే వి-క్రాస్ నింపాదిగా ఎక్కేసింది. ఇలాంటి చోటే ఈ బండి గొప్పతనం కనిపిస్తుంది. పైన మేఘాల సముద్రం, దాని మీద సూర్యోదయం, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ అక్కడ నిలబడి నాకు వచ్చిన ఆలోచన ఇది. ఈ బండి అవసరమైన ప్రతి చోటూ ఇంకో నాలుగేళ్లు పాపను తీసుకురాలేనిదే. ఈ చలికి, ఈ గాలికి, పైన ఇంకా నడవాల్సిన ఆ దారికి ఏ తల్లీ పది నెలల బిడ్డను తీసుకురాదు. పాప రాగలిగిన బొర్రా, పద్మాపురం, చాపరాయి, లంబసింగి, వీటన్నిటికీ చిన్న ఆల్టో కూడా వస్తుంది. ఇక నా ఒక్కడి కోసం అయితే కింద స్థానికుల జీపులు దొరుకుతాయి, వాళ్లకి ఆ దారి నాకన్నా బాగా తెలుసు.

దిగొచ్చాక పాడేరులో ఆదివాసీ రైతుల దగ్గర రాజ్‌మా, పసుపు, మిరియాలు కొన్నాం. మా కోసం కొంచెం, విశాఖలో చుట్టాలూ పక్కింటివాళ్లూ చెప్పినవి చాలా. బస్తాలు తొట్టిలో వేశాం. అప్పటి నుంచి బండి నడకే మారిపోయింది, ఎగురుడు పోయింది, ఏనుగు మీద అంబారీలా నిదానంగా, దిట్టంగా వెళ్లింది. దీనికి బరువు కావాలి, రోజూ పని కావాలి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకటిన్నర కారు చోటు ఆక్రమించి, వారానికోసారి సూపర్‌మార్కెట్‌కి వెళ్లి రావడం దీని పని కాదు. నాకు అన్నిటికన్నా ఎక్కువగా మనసుకి తగిలింది ఇదే. అమ్మడం అంటే దాన్ని వదిలించుకోవడం అనుకుని బాధపడ్డాను ఇన్నాళ్లూ, దానికి తగిన పని ఉన్న మనిషి చేతికి వెళ్తే అది ఇంకా చాలా ఏళ్లు బాగా తిరుగుతుంది.

లంబసింగికి పాడేరు నుంచి చింతపల్లి మీదుగా వెళ్లాం. జనవరి పొద్దున్న మంచులో ఊరు బాగుంటుంది, కానీ పాపతో రాత్రి అక్కడ ఉండలేదు, నర్సీపట్నంలో గది తీసుకుని తెల్లవారుజామున మళ్లీ పైకి వచ్చాం. ఇది అందరికీ చెప్తాను, ఆ చలికి పసిపిల్లలతో లంబసింగిలో బస వద్దు, కింద ఉండి పైకి వెళ్లండి. చెరువులవేనం వ్యూ పాయింట్ మేము వదిలేశాం. తాజంగి చెరువు దగ్గర రోడ్డు పక్కనే ఆగి చూడొచ్చు. చలికాలంలో స్ట్రాబెర్రీ తోటలు కూడా ఉంటాయి. తిరిగొచ్చేసరికి తొట్టిలో పట్టా కప్పి పెట్టిన బ్యాగులన్నీ మంచుకి తడిసి, మీద ఎర్రదుమ్ము అంటుకుని ఉన్నాయి. స్ట్రోలర్ గుడ్డ ఉతకాల్సి వచ్చింది. పైన గట్టి మూత పెట్టిస్తే ఇది పోతుంది, కానీ అప్పుడు బస్తాలూ మోటార్‌సైకిలూ పట్టవు, ట్రక్కు ట్రక్కులా ఉండదు.

ఒక జాగ్రత్త. పాడేరులో, అరకులో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి, మధ్యలో సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. జ్వరం మందు, ఓఆర్‌ఎస్, థర్మామీటర్ మీ దగ్గరే ఉంచుకోండి. గంటన్నర, రెండు గంటలకోసారి ఆపి పాపను సీట్లోంచి బయటికి తీయండి, అంతకన్నా ఎక్కువసేపు ఆ వంపులో కూర్చోబెట్టకూడదు. రెండూ డీజిల్ బండ్లే కాబట్టి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అమ్ముతున్నాం. ఇంకో ఏడాది చూద్దామా అని కూడా మాట్లాడుకున్నాం, పాప మొహం ముందుకి తిప్పి కూర్చునే వయసు వచ్చినా ఆ నిటారు వీపూ, ఆ కమాన్ పట్టీలూ మారవు, ఎక్కడం దిగడం మారదు, ధర మాత్రం తగ్గుతుంది. వచ్చే డబ్బుకి కొంచెం కలిపి పాత క్రిస్టా తీసుకుంటాం, మధ్య వరసలో విడివిడి సీట్లున్నదే కావాలని మా ఆవిడ ముందే చెప్పింది. సర్వీసు కాగితాలు అన్నీ ఉన్నాయి, టైర్లు కిందటేడు మార్చాను. చూడ్డానికి వస్తామన్నవాళ్లలో ఒకాయన అనంతగిరి వైపు కాఫీ, మిరియాల వ్యాపారం చేస్తాడు, ఇంకొకరికి బీచ్ రోడ్డు మీద తిప్పుకోవడానికి కావాలట. ధర రెండోవాళ్లదే ఎక్కువ. నేను మాత్రం అనంతగిరి ఆయన్ని ముందు రమ్మన్నాను, ఖాళీ బండి నడిపి చూడొద్దు, నాలుగు బస్తాలు వేసుకుని రండి అని చెప్పాను.