సాగర్ లాంచీనా, సోమశిల లాంచీనా?

కృష్ణా నదిలో లాంచీ మీద శ్రీశైలం వెళ్లాలంటే ముఖ్యంగా రెండు దారులు: నాగార్జునసాగర్ నుంచి ఒకటి, సోమశిల నుంచి ఒకటి.

దూరం: నల్లగొండ వాళ్లకు సాగర్ దగ్గర, పాలమూరు వాళ్లకు కొల్లాపూర్ మీదుగా సోమశిల.

ఖర్చు: టికెట్ వన్‌వేనా, రానుపోనా, భోజనం కలిపేనా అని ముందే అడగండి.

దిగాక: సాగర్ లాంచీ డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డెక్కాలి. సోమశిల లాంచీ డ్యామ్ ఎగువ నీళ్లలో వస్తుంది కాబట్టి పాతాళగంగ దగ్గర దిగి రోప్‌వేలో పైకెళ్లొచ్చు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇదే హాయి.

రిస్క్: నీటిమట్టం తగ్గితే లాంచీ నడవదు. శ్రీశైలం (పూర్తి నీటిమట్టం 885 అడుగులు) నుంచి నీళ్లు వదిలితేనే దిగువనున్న సాగర్ (పూర్తి మట్టం 590 అడుగులు) నిండుతుంది, అందుకే వరద మొదలైన కొత్తలో సోమశిలే నయం. పిల్లలున్నారు, సాగర్ నీళ్ల మధ్యనున్న నాగార్జునకొండ కూడా చూడాలి అనుకుంటే మాత్రం సాగర్ నిండేదాకా ఆగండి.