కక్ష్యలో చెడితే: బాగుచేసుకోవడమా, వదిలేయడమా?

2012 ఆగస్టు 30న వ్యోమగాములు సునీతా విలియమ్స్, అకిహికో హోషిడే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల ఎనిమిది గంటలకు పైగా శ్రమించినా, విద్యుత్తును పంచే సుమారు 100 కిలోల పెట్టెను బిగించలేకపోయారు. మరల్లో లోహపు రజను ఇరుక్కుని బోల్టు దిగలేదు. పెట్టెను తాత్కాలికంగా పట్టీతో కట్టి లోపలికి వచ్చేశారు. సెప్టెంబరు 5న మళ్లీ వెళ్లి, కేబుల్ తీగలతో చేసుకున్న బ్రష్‌తో రజను తొలగించి, ఒక పనిముట్టుకు తగిలించిన టూత్‌బ్రష్‌తో మరలకు గ్రీజు పూసి, బోల్టు బిగించారు.

పన్నెండేళ్ల తర్వాత అదే సునీత, బుచ్ విల్మోర్‌తో కలిసి వెళ్లిన బోయింగ్ వ్యోమనౌక స్టార్‌లైనర్‌లో, ఇంధనాన్ని ఇంజిన్లకు నెట్టే హీలియం వాయువు లీకయింది. నౌకను అటూఇటూ తిప్పే 28 చిన్న ఇంజిన్లలో (థ్రస్టర్లలో) ఐదు మొరాయించగా, నాలుగు తిరిగి పనిచేశాయి. ఈసారి నాసా మరమ్మతుకు పూనుకోలేదు. నౌకను 2024 సెప్టెంబరులో ఖాళీగా దింపి, వారిద్దరినీ 2025 మార్చిలో స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో తీసుకొచ్చింది. ఖాళీ నౌక క్షేమంగానే దిగింది కనుక ఆ జాగ్రత్త అనవసరమని వాదించేవారున్నారు. కానీ ఫలితం తెలిశాక చెప్పే ఆ మాట నిర్ణయం తీసుకున్న నాటికి వర్తించదు.

నా దృష్టిలో ఏది మేలన్నది చెడిన వస్తువు ఎక్కడుందన్న దానిపైనే ఆధారపడుతుంది. కేంద్రంలోని పెట్టెలను మందపాటి చేతి తొడుగులతోనే విప్పి బిగించేలా తయారుచేస్తారు. అదనపు పెట్టెలూ అక్కడే ఉంటాయి. ఒకటి పనిచేయకపోతే విద్యుత్తు కొంత తగ్గుతుందే తప్ప, ప్రయత్నించడానికి వారం రోజుల వ్యవధి దొరుకుతుంది. తిరుగు ప్రయాణపు నౌకకు ఆ వెసులుబాటు లేదు. కక్ష్య నుంచి దిగేటప్పుడు థ్రస్టర్లు మొరాయిస్తే రెండో అవకాశం ఉండకపోవచ్చు. కాబట్టి కేంద్రాన్ని బాగుచేసుకోవాలి, నౌకను మార్చుకోవాలి.

2022 డిసెంబరులో, కేంద్రానికి ముగ్గురిని తీసుకెళ్లిన రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-22 విషయంలోనూ ఇదే జరిగింది. రేడియేటర్‌కు ఒక మిల్లీమీటరు కూడా లేని రంధ్రం పడి శీతలీకరణ ద్రవం కారిపోయింది. రష్యా మరో సోయుజ్‌ను ఖాళీగా పంపింది. ఆరు నెలలకని వెళ్లిన ముగ్గురూ 371 రోజులు ఉండిపోయారు.

అయితే నౌకను వదిలేయడానికి మూల్యం ఈ నిరీక్షణ ఒక్కటే కాదు. కొత్త నౌక వచ్చేలోపు కేంద్రాన్ని ఖాళీ చేయాల్సి వస్తే ఎలా? ఆ ముగ్గురిలో ఒకరైన ఫ్రాంక్ రూబియో సీటు మెత్తను విప్పి, అక్కడే ఉన్న డ్రాగన్‌లోకి మార్చారు. స్టార్‌లైనర్ వెళ్లిపోయాక విల్మోర్, సునీతలకైతే, తర్వాత వారిని తీసుకొచ్చిన క్రూ-9 డ్రాగన్ చేరేదాకా, అప్పటికే అక్కడున్న మరో డ్రాగన్‌లో సరుకులు పెట్టే చోట ఫోమ్ మెత్తలు పరిచి, పట్టీలు అమర్చి ఉంచారు.