సముద్రపు ఒడ్డున పెళ్లి: కోనసీమ తీరంలో చూసిన చోట్లు, కట్టిన లెక్కలు

మేనకోడలి పెళ్లి సముద్రపు ఒడ్డున జరగాలని మగపెళ్లివారు ముచ్చటపడడంతో, మాఘమాసంలో కుదిరిన ముహూర్తానికి తగిన చోటు చూడడానికి అక్కనూ, బావగారినీ, పిల్లనూ వెంటబెట్టుకుని రాజమహేంద్రవరం నుంచి కోనసీమ తీరానికి వెళ్లాను. నది ఒడ్డున మేము దిగిన రిసార్టు సంగతి ముందు చెప్పకపోతే తక్కినవి చెప్పడం దండగ.

ఆవరణ, 20 గదులు కలిపి రెండు రోజులకు 3,60,000 రూపాయలని, అన్నీ అందులోనే వస్తాయని మేనేజరు ఫోనులో చెప్పాడు. ఎదురుగా కూర్చున్నాక, అలంకరణకు బయటివారిని తెచ్చుకుంటే 40,000, జనరేటరుకు 22,000, శుభ్రం చేసినందుకు 15,000, మేళగాళ్ల వేదికకు 12,000, వీటన్నిటి మీద పన్ను వేరు అంటూ ఒక్కొక్కటే బయటపెట్టాడు. అంటే పన్ను కాక 4,49,000 అన్నమాట. వంటవాళ్లను మనం తెచ్చుకోకూడదు. వాళ్ల భోజనమే ఆకుకు 850. పనసపొట్టు కూర ఉంటుందా అని అక్క అడిగితే, "పనీర్ పెడతాం మేడమ్" అన్నాడు. కోనసీమ నడిబొడ్డున కూర్చుని ఆ మాట విన్నాక బావగారు కాఫీ సగంలో వదిలేసి బయటికి వెళ్లిపోయారు. ఆ రాత్రికి గది అద్దె 4,800 కట్టాం; ఏసీ నీళ్లు మాత్రం తెల్లవార్లూ మంచం కాళ్ల దగ్గరే కారాయి.

కోనసీమ దాటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న పేరుపాలెం తీరం విశాలంగా ఉంది కానీ సెలవురోజు జనసందోహంలో పీటల మీద కూర్చోవడం జరిగే పని కాదు. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే ఓడలరేవు వైపు నిశ్శబ్దం బాగుంది, నీడ లేదు.

అంతర్వేది వేరు. సరుగుడు తోటలు దాటగానే ఇటు సముద్రం, అటు వశిష్ఠ గోదావరి కనిపిస్తాయి. అయితే సముద్రంలో సూర్యాస్తమయాన్ని ఫొటో తీయించుకోవాలని కలలుగన్న మా పిల్ల, సూర్యుడు నదికి అవతల నరసాపురం వైపు దిగిపోతాడని తెలిసి మూతి ముడుచుకుంది. అక్కడ పందిళ్లు వేసే పెద్దాయన ఒకరు, బేరం మొదలుపెట్టకముందే, ఇసుకలో పీటలు వేయవద్దని చెప్పారు. "గాలి పొద్దున్న కాసేపు మన మాట వింటాదండి, తర్వాత మనమే దాని మాట వినాలండి. హోమం ఎక్కడ నిలుస్తాదండీ?" అన్నారు. అమావాస్య, పున్నమి దగ్గర పడితే పోటు నీళ్లు మామూలు రోజుల కంటే పైకి వస్తాయనీ, తిథి చూసేవారు దాన్నీ చూసుకోవాలనీ ఆయన చెప్పిన మాట మా పురోహితుడికి కూడా తట్టలేదు.

మా ముహూర్తం అర్ధరాత్రి దాటాక. రాత్రి 10 దాటితే బహిరంగ ప్రదేశంలో మైకు వాడకూడదన్న నిబంధన దేశమంతటా ఉన్నదే కనుక, ఒడ్డున సన్నాయి మైకులో వినిపించాలనుకునేవారు పగటి ముహూర్తమే పెట్టించుకోవాలి. మాఘమాసమైతే ఇంకో చిక్కుంది: శుద్ధ దశమి రాత్రి నరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి కాబట్టి ఆ రోజుల్లో అంతర్వేదిలో గది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

చివరికి ఒడ్డుకు కాస్త లోపల ఉన్న కొబ్బరితోటలో పెళ్లి, మరునాటి పొద్దున ఎండ ముదరకముందే ఇసుక మీద వధూవరులకు ఫొటోలు అని తేల్చాం. తోటకు 30,000, కొబ్బరాకుల పందిరికి 65,000, జనరేటరుకు 14,000. పాలకొల్లు నుంచి వచ్చే వంటవారు పనసపొట్టు కూర, బొబ్బట్లతో సహా ఆకుకు 420 అన్నారు. రుచి చూపించమంటే అప్పటికప్పుడు ఆవపెట్టి వండి పెట్టిన ఆ కూరతో బావగారి కోపం చల్లారింది. మగపెళ్లివారు మొదట కొంత నసిగినా, హోమం సంగతి విన్నాక ఒప్పుకున్నారు. చుట్టాలను మాత్రం నరసాపురం రైల్వే స్టేషనులో దింపుకొని చించినాడ వంతెన మీదుగా బస్సులో తీసుకురావాలి. ముసలివాళ్లతో, సామానుతో సఖినేటిపల్లి రేవుకు నది దాటించే పంటు ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

తోట యజమాని 5,000 బయానా తీసుకుని, ఏమేమి ఇస్తారో చీటీ మీద రాసి సంతకం పెట్టారు. రిసార్టు వారికి ముందుగా పంపిన 10,000 ఇంకా రాలేదు. ఎప్పుడు ఫోను చేసినా లెక్కలు చూసే ఆయన సెలవులో ఉన్నారనే అంటున్నారు.