మోనో కవరులో స్టీరియో రికార్డు: డీప్ పర్పుల్ తొలి ఎల్పీ కొనేవారికి జాగ్రత్త

ఇంగ్లండు నుంచి పాత ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోను రికార్డులు, అమ్మి పంపే ఆ పెద్దమనిషి ఎవరో ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ తొలి ముద్రణల కోసం వెతికేవారికి పేరు చెప్పనక్కర్లేదు. నిన్న సాయంత్రమే పార్సిల్ విప్పాను కనుక రాతలో కాస్త కారం ఎక్కువైతే మన్నించండి.

నేను కొన్నది 1968 నాటి ‘షేడ్స్ ఆఫ్ డీప్ పర్పుల్’ పార్లోఫోన్ కంపెనీ మోనో ముద్రణ (మోనోలో రెండు వైపులా ఒకే ధ్వని, స్టీరియోలో కుడి ఎడమలకు వేరువేరు), నంబరు పి.ఎం.సి. 7055. తరువాతి గాయకుడు ఇయాన్ గిల్లన్, బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ ఇంకా బృందంలో చేరని రోజుల్లో, రాడ్ ఎవాన్స్ గొంతుతో, నిక్ సింపర్ బేస్‌తో వచ్చిన రికార్డు అది. అందులోని ‘హుష్’ పాట అమెరికా పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లినా స్వదేశంలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. జులైలో అమెరికాలో వచ్చిన ఆల్బం ఇంగ్లండులో సెప్టెంబరుకు గాని రాలేదు, అప్పటికి మోనో ఎల్పీల కాలమూ చివరికొచ్చింది. అందుకే అరుదైన ఆ మోనో ప్రతికి అంత ధర. 190 పౌండ్లు కట్టాను. హైదరాబాదుకు తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనం.

ప్రకటనలో ఐదు ఫోటోలున్నాయి, ఐదూ కవరువే. ఇరవై ఏళ్లుగా రికార్డులు కొంటున్న నాకు అక్కడే అనుమానం రావలసింది. లోపలిది కూడా మొదటి మోనో ముద్రణేనా అని ఒక్క ముక్క అడిగితే, ‘కవరు మీద ఏముందో అదే’ అని గంటలోపే జవాబు వచ్చింది. ఎంత సూటిగా మాట్లాడే మనిషి అని మురిసిపోయి ఆ క్షణమే డబ్బు పంపాను.

కవరు అసలుదే, అంచులు వెనక్కి మడిచి అతికించిన ఆనాటి అట్టే. రికార్డు బయటికి జారగానే మాత్రం నాకు మాట పడిపోయింది. మధ్యనుండే నల్లని కాగితపు లేబులు మీద పసుపు రంగు పార్లోఫోన్ పేరు ఉండవలసిన చోట 1969 తరువాతి వెండి అక్షరాలు, మాతృసంస్థ ఈఎంఐ పేరున్న డబ్బా గుర్తు కనిపించాయి. దీపం కిందికి వంచి, చివరి గాడికీ లేబులుకూ మధ్య నున్నటి వలయంలో చెక్కిన అక్షరాలు చూస్తే వై.ఇ.ఎక్స్. అని ఉంది. అంటే నిక్షేపంలాంటి స్టీరియో.

ఫోటోలు తీసి పంపి, డబ్బు తిరిగి ఇవ్వమని మర్యాదగానే రాశాను. ‘నేను కవరు గురించే చెప్పాను, అందులో అబద్ధం ఎక్కడుంది? పాటలు రెండింటిలోనూ అవే కదా, మీరు వినడానికి కొన్నారా, లేబులు చదువుకోవడానికి కొన్నారా?’ అన్నది ఆయన సమాధానం. డబ్బు పోయినందుకు కన్నా ఆ మాటకే రాత్రంతా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ‘కవరు మీద ఏముందో అదే’ అన్న వాక్యాన్ని ఆయన ముందే ఆలోచించి రాశారని అప్పుడు గాని నాకు వెలగలేదు. మళ్లీ రాస్తే ఉలుకూ పలుకూ లేదు.

కొనేవారు రెండు వైపుల లేబుళ్ల ఫోటోలు, ఆ వలయంలోని అక్షరాలు ముందే అడిగి తెప్పించుకోండి. మోనో అయితే ఎక్స్.ఇ.ఎక్స్. ఉంటుంది. ఈ ఉదయం ఆయన హార్వెస్ట్ కంపెనీ పేరుతో వచ్చిన డీప్ పర్పుల్ రెండో ఆల్బం ‘ద బుక్ ఆఫ్ టాలీసిన్’ అమ్మకానికి పెట్టారు. ఐదు ఫోటోలున్నాయి, ఐదూ కవరువే.