హిరోషిమాలో పెనం ఎదురుగా కూర్చునే తినండి

ఫిబ్రవరిలో నేను, నా భార్య, మా మామగారు హిరోషిమాలో మూడు రోజులు గడిపాం. వసతికీ ప్రయాణానికీ ఏ లోటూ రాలేదు. ట్రాము ఎక్కితే ఊళ్లో ఎంత దూరమైనా మనిషికి 240 యెన్లే. తొలి రాత్రి భోజనం దగ్గర మాత్రం మోసపోయాం.

అది శుక్రవారం. నగరెకవా వీధుల్లో నడుస్తుండగా ఒక యువకుడు బొమ్మల మెనూ చూపించి, మంచి ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) ఉన్నాయనీ, కూర్చున్నందుకు రుసుమేమీ ఉండదనీ ఇంగ్లీషులో చెప్పి, ఒక మేడ మీది ఇజకాయాకు, అంటే మద్యంతో పాటు చిరుతిళ్లూ పెట్టే జపనీస్ దుకాణానికి, తీసుకెళ్లాడు. జపాన్‌లో శీతకాలమే ఆయిస్టర్లకు కాలం, ఆ దేశంలో పెంచే ఆయిస్టర్లలో సగానికి పైగా హిరోషిమా తీరానివే. అందువల్ల అనుమానించలేదు. వేయించిన ఆయిస్టర్లు రెండు పళ్లేలు వచ్చాయి. పైపూత మందంగా ఉంది, లోపలి మాంసం బొటనవేలి గోరంత. మామగారు శాకాహారి కనుక ఉడికించిన పచ్చి సోయా కాయలతో, రెండు అన్నం ముద్దలతో సరిపెట్టుకున్నారు. మేము తిన్నదీ తాగినదీ మెనూ ధరల ప్రకారం 5,680 యెన్లు. చేతికి వచ్చిన బిల్లు 10,208. అడగకుండా తెచ్చిపెట్టిన చిన్న గిన్నెలకు మనిషికి 700, వారాంతపు రుసుము మనిషికి 500, ఆ మొత్తం మీద పది శాతం పన్ను. ఇజకాయాల్లో అలా తెచ్చిపెట్టే గిన్నెను ఒతోషి అంటారు, దానికి డబ్బు తీసుకోవడం అక్కడి ఆచారమే, దాన్ని తప్పుపట్టను. రుసుము లేదని నమ్మబలికి పైకి తీసుకెళ్లడమే మోసం. ఆ యువకుడి మాట గుర్తుచేస్తే, అతను తమ మనిషి కాడన్నారు. దారిలో మామగారు ఒక్క మాటా మాట్లాడలేదు. "తెలియని ఊళ్లో పిలిచినవాడి వెంట వెళ్లకూడదండీ" అని నా భార్య అన్నది నిజమే. వీధిలో పిలిచే చోటికి వెళ్లకండి. ధరలు గుమ్మం బయటే రాసిపెట్టిన చోటికి వెళ్లండి.

మర్నాడు శాంతి ఉద్యానవనానికి దగ్గరలో ఉన్న నగతాయా అనే భోజనశాలకు వెళ్లాం. శాకాహారులకూ వీగన్లకూ అక్కడ వేరుగా ఒకొనొమియాకి, అంటే పెనం మీద కాల్చే జపనీస్ అట్టు, చేస్తారని విని మామగారి కోసం ఎంచుకున్నాం. యాభై నిమిషాలు వరుసలో నిలబడ్డాం. ఒసాకాలో పిండీ కూరలూ అన్నీ కలిపి పోస్తారు. హిరోషిమాలో పొరలుగా పేరుస్తారు. వేడి ఇనుప పెనం మీద మన దోసెకంటే పలుచగా పిండి పరిచి, దాని మీద గుప్పెళ్లకొద్దీ క్యాబేజీ తురుము, మొలకలు, పంది మాంసం పలుచని ముక్కలు వేసి, తిరగేసి, పక్కన వేగుతున్న నూడుల్స్ మీదికి చేర్చి, చివరికి గుడ్డు పొర మీదికెక్కించి, తియ్యటి చిక్కని సాస్ పూస్తారు. అంత ఎత్తున లేచిన క్యాబేజీ తన ఆవిరికే మగ్గి అణగిపోవడం కళ్లముందే చూస్తాం. పళ్లెం అడగకండి, చిన్న అట్లకాడతో పెనం మీదే కోసుకు తింటే చివరి ముక్క దాకా వేడి తగ్గదు. పంది మాంసం తిననివారు ముందే చెప్పాలి, వద్దనకపోతే వేసేస్తారు.

యుద్ధానికి ముందు ఇది పిల్లలు ఒక్క సెన్ (యెన్‌లో నూరో వంతు) పెట్టి కొనుక్కునే చిరుతిండి. 1945 ఆగస్టు 6 తర్వాత బూడిదైన ఊళ్లో బియ్యం దొరకక, అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండితో ఆ చిరుతిండే కడుపు నింపే భోజనమైంది. ఆ సంగతి చెబుతుంటే మామగారు అట్లకాడ పక్కన పెట్టి విన్నారు. తర్వాత ముక్క మిగల్చకుండా తిని, "అల్లుడుగారూ, నిన్నటి కోపం పోయింది" అన్నారు. ముగ్గురికీ 4,150 యెన్లు. వరుసలో నిలబడే ఓపిక లేనివారు షింతెన్‌చిలోని ఒకొనొమిమురాకు వెళ్లవచ్చు; ఒకే భవనంలో మూడు అంతస్తుల నిండా ఈ దుకాణాలే. శాకాహారులు మాత్రం అక్కడ ప్రతి చోటా విడిగా అడిగి తెలుసుకోవాలి.

మధ్యాహ్నం మియాజిమా ద్వీపానికి వెళ్లాం. పడవకు 200, సందర్శకుల పన్ను 100 యెన్లు. పడవ ఎక్కే మియాజిమాగుచిలో, 1901 నుంచి నడుస్తున్న ఉయెనో అనే భోజనశాలలో అనగో అనే సముద్రపు మలుగు చేపను కాల్చి, దాని ఎముకల రసంతో వండిన అన్నం మీద పేర్చి ఇస్తారు. లోపల కూర్చోవాలంటే చాలాసేపు ఆగాలి, డబ్బా కొనుక్కోవడమే నయం. రెండు వేల యెన్లు దాటుతుంది, అయినా నా భార్య ఆ ధరకు తగినదేనంది. ద్వీపం అంగడి వీధిలో చిప్పతోనే నిప్పుల మీద కాల్చిన ఆయిస్టర్లు రెండు 500 యెన్లకు తిన్నాం. ముందురాత్రి మాకు పెట్టనిది అదే: ఉప్పటి రసం, నిండైన మాంసం, కాస్త నిమ్మరసం. మామగారికి చిక్కుడు ముద్ద కూరిన మేపుల్ ఆకు ఆకారపు మొమిజి మంజూ నచ్చింది; పిండిలో గుడ్డు ఉంటుందని ముందే చెప్పాను, గుడ్డుకు అభ్యంతరం లేదన్నారు.

మూడో రోజు రెండు గంటలకు రైలు. మామగారే తొందరపెట్టి, నగతాయా తలుపులు తెరవకముందే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. ఈసారి ఇరవై నిమిషాల్లోనే పెనం ముందు చోటు దొరికింది.